ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడమేనా?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు 43 ఏళ్ళు. ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో భర్త, 15 ఏళ్ళ కొడుకు. మూడేళ్ళ కిందట నిద్ర పట్టక, చీటికీ మాటికీ చిరాకు పడుతున్న రోజుల్లో ఎవరో చెబితే పది రోజుల ధ్యాన శిబిరానికి వెళ్ళారు. అప్పటినుంచి రోజూ పొద్దున గంటసేపు కూర్చుంటున్నారు, బుద్ధుడి బోధనలు చదువుతున్నారు. మొదట్లో చాలా బాగుంది. నిద్ర పట్టింది, ఇంట్లో అరుపులు తగ్గాయి.

ఏడాదిగా ఆఫీసులో ఒక సహోద్యోగి ఈమె తయారుచేసిన రిపోర్టులను తనవిగా పైవాళ్ళకు చూపిస్తున్నాడు. ఇప్పటికి నాలుగుసార్లు అయింది. "నాది అనే భావమే దుఃఖానికి మూలం కదా అని ప్రతిసారీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను" అని రాశారు. ఇంట్లో ఆయనేమో "నీతో మాట్లాడితే గోడకు చెప్పుకున్నట్టుంది" అంటున్నారట. ప్రాణస్నేహితుడు మాట్లాడటం మానేశాడని కొడుకు ఏడుస్తుంటే "అన్నీ అనిత్యమే నాన్నా, ఇదీ పోతుంది" అన్నారు. వాడు లేచి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత తన సంగతులేవీ తల్లికి చెప్పడం లేదు.

పోయిన నెల, నాలుగో రిపోర్టు చేజారిన సాయంత్రం, ఫోన్ ఛార్జర్ ఎక్కడో పెట్టి మర్చిపోయాడని కొడుకు మీద ముప్పావుగంట అరిచారు. చేతిలో ఉన్న పుస్తకం గోడకేసి కొట్టారు. అది బుద్ధుడి బోధనల పుస్తకమేనని ఆమే రాశారు.

ఆమె ప్రశ్నలు ఇవి: "మూడేళ్ళుగా చేసిందంతా నటనేనా? నాకు జరిగిన అన్యాయం గురించి నేనే మాట్లాడితే అది మమకారం కాదా? సంసారంలో ఉంటూ ఇది కుదిరే పని కాదేమో. మూడు నెలల శిబిరం ఒకటి ఉంది. ఆయన వద్దంటున్నారు. వెళ్ళనా, అసలు ఇవన్నీ మానేయనా?"

*

ముందు ఆ పుస్తకం సంగతి. చదవగానే నవ్వొచ్చింది, ఏమనుకోకండి. దాచుకునే వీలున్న ముక్కను దాచకుండా రాశారే, అది నటించేవాళ్ళు చేసే పని కాదు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది.

మిగతా సగానికి ఒక పాత కథ చెబుతాను. బుద్ధుడి బోధనల పాళీ సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో రంపం ఉపమానంతో ఒక సుత్తం, అంటే ఒక ప్రసంగం ఉంది. అందులో బుద్ధుడు వైదేహిక అనే ఇల్లాలి సంగతి చెబుతాడు. శ్రావస్తిలో ఆమెకు శాంతమూర్తి అని పేరు. ఆమె ఇంట్లో కాళి అనే పనిమనిషి ఉండేది, చాలా చురుకైనది. ఒకరోజు కాళికి అనుమానం వచ్చింది: అమ్మగారికి నిజంగానే కోపం లేదా, లేక నేను పని చక్కగా చేస్తున్నాను కాబట్టి బయటపడటం లేదా? పరీక్షిద్దామని ఒకరోజు ఆలస్యంగా లేచింది. అమ్మగారు ముఖం చిట్లించింది. మర్నాడు ఇంకాస్త ఆలస్యం చేసింది. ఈసారి తిట్లు పడ్డాయి. మూడో రోజు గడియ కర్రతో తల పగిలింది. అంతటితో ఊళ్ళో అమ్మగారి పేరు మారిపోయింది.

తనకు నచ్చని మాట చెవిన పడనంతకాలం ఎవరైనా శాంతంగానే ఉంటారని, పడ్డప్పుడే అసలు సంగతి తెలుస్తుందని బుద్ధుడు భిక్షువులతో అంటాడు. నన్ను మాత్రం ఇంకో సంగతి ఎక్కువగా ఆపుతుంది. ఆ దెబ్బ పడింది తిరిగి కొట్టలేని మనిషి మీద. మీ ఇంట్లోనూ అంతే జరిగింది. కోపం పుట్టింది ఆఫీసులో, పడింది పిల్లవాడి మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మీ కోపం ఛార్జర్‌ది కాదు. నాలుగు రిపోర్టులది.

అయితే వైదేహికకు, మీకు ఒక తేడా ఉంది. తనకు కోపం లేదని ఊరంతా అంటే ఆమె నమ్మింది. మీకు కోపం వచ్చింది, వచ్చినట్టు మీకు తెలుసు, అది రాకూడదని మీరే దాన్ని లోపలికి నెట్టారు. నాలుగుసార్లూ. పద్ధతి తప్పిందేమో గానీ మూడేళ్ళ సాధన వృథా కాలేదు. నిద్ర పట్టడం, అరుపులు తగ్గడం నటన వల్ల వచ్చేవి కావు.

ఇప్పుడు ఒక మాట గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీ చిక్కంతా ఆ మాట దగ్గరే ఉందని నాకనిపిస్తోంది. ఉత్తరంలో 'ఉపేక్ష' అనే మాట మీరు తొమ్మిదిసార్లు వాడారు. మన తెలుగులో ఆ మాటకు ఏ అర్థం స్థిరపడిందో చూడండి. "జ్వరాన్ని ఉపేక్షించకండి" అంటాం. "ఇక ఉపేక్షించేది లేదు" అంటాం. అంటే పట్టించుకోకపోవడం, చూసీ చూడనట్టు ఊరుకోవడం. బౌద్ధంలో మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివాళ్ళ మేలుకు సంతోషించడం), ఉపేక్ష అని నాలుగు బ్రహ్మవిహారాలు, అంటే మనసుకు అలవరచుకోవలసిన గుణాలు చెప్పినప్పుడు ఆ నాలుగోదాని అర్థం ఇది కాదు. ఈక్ష అంటే చూపు. ఎటూ మొగ్గకుండా, తూలకుండా చూడటం అక్కడ ఉపేక్ష. చూపు తిప్పుకోవడం కాదు, నిలబెట్టడం. మనం మాట ఒకటే కదా అనుకుని తెలుగు అర్థాన్ని పాళీ మాటలో పోసేస్తాం. మీ ఒక్కరి పొరపాటు కాదిది. తెలుగులో చదివే చాలామంది ఇక్కడే జారతారు, నేనూ కొన్నేళ్ళు జారాను.

ఈ జారుడు పాతవాళ్ళకు తెలియనిది కాదు. 5వ శతాబ్దంలో విసుద్ధిమగ్గం అనే సాధన గ్రంథం రాసిన బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు నాలుగు బ్రహ్మవిహారాలకూ ఇద్దరిద్దరు శత్రువులను చెప్పాడు, ఒకటి దూరపుది, ఒకటి దగ్గరిది. దూరపు శత్రువును చూడగానే గుర్తుపడతాం. మైత్రికి ద్వేషం అలాంటిది. దగ్గరి శత్రువు చుట్టంలా ఇంట్లోకి వస్తుంది. మైత్రికి రాగం, అంటే మనవాళ్ళన్న పట్టు. ఉపేక్షకు దగ్గరి శత్రువు ఏదన్నాడో తెలుసా? తెలియనితనంతో పుట్టే ఉదాసీనత. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ముఖంలో మార్పు ఉండదు, గొంతు పెరగదు. మీ ఆయన 'గోడ' అన్నది దీన్నే. ఆయన బౌద్ధం చదివారో లేదో నాకు తెలియదు గానీ సరిగ్గా పట్టుకున్నారు.

మరి లోపల లేచిన కోపాన్ని ఏం చేయాలి? దీనికి బుద్ధుడు చెప్పిన ఉపాయాలు ఒకటి కాదు, వితక్కసంఠాన సుత్తంలో ఐదున్నాయి. చెడు ఆలోచన స్థానంలో మంచి ఆలోచనను తెచ్చుకోవడం మొదటిది. వడ్రంగి సన్న మేకుతో పెద్ద మేకును బయటికి కొట్టినట్టు అని పోలిక. ఆ ఆలోచన వల్ల వచ్చే కీడును చూడటం రెండోది, దాని మీదనుంచి దృష్టి మళ్ళించడం మూడోది. నాలుగోది నాకు చాలా ఇష్టం. వేగంగా పోతున్న మనిషి "ఎందుకింత తొందర?" అనుకుని నెమ్మదిగా నడుస్తాడు, ఆపైన నిలబడతాడు, కూర్చుంటాడు, పడుకుంటాడు. అలా ఆలోచన వెనక ఏముందో చూస్తూ దాన్ని నెమ్మదింపజేయడం. ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు ఐదోది: పళ్ళు బిగబట్టి, నాలుకను అంగిటికి నొక్కిపెట్టి, మనసుతో మనసును అణచడం.

మీరు మిగతావన్నీ వదిలేసి ఆ చివరిదాన్నే పట్టుకున్నారు, అదీ ఏడాదిపాటు. దాన్ని ఆఖరున పెట్టడానికి కారణం ఉంది. ఈసారి కోపం వచ్చినప్పుడు నాలుగోది ప్రయత్నించి చూడండి. "నాకిప్పుడు కోపంగా ఉంది" అని లోపల ఒప్పుకోండి. గుండెలోనో దవడలోనో ఎక్కడ బిగుసుకుందో చూడండి. దాని వెనక ఏముంది? అవమానమా, ఉద్యోగం పోతుందన్న భయమా, నన్నెవరూ గుర్తించరన్న బాధా? మీ ఉత్తరం చదివితే నాకు ఆ మూడోది కనిపించింది. నేను తప్పు కావచ్చు. చూడాల్సింది మీరు.

ఇక పిల్లవాడి సంగతి. మిగతా అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే, కాస్త నిష్ఠూరంగా అనిపించినా చెబుతాను. వాడితో మీరన్నది అబద్ధం కాదు. కానీ ఆ సమయంలో అది వాడికి ఓదార్పుగా వినిపించలేదు, మాట తప్పించినట్టు వినిపించింది. కిసాగోతమి కథ మీరు చదివే ఉంటారు. చనిపోయిన బిడ్డను చంకనేసుకుని మందు కోసం తిరుగుతున్న తల్లికి బుద్ధుడు "అన్నీ అనిత్యం" అని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె వినేది కాదు. చావు లేని ఇంటినుంచి ఆవాలు తెమ్మన్నాడు. ఆమె గడపగడపకూ వెళ్ళింది, ఒక్కో ఇంట్లో ఒక్కో చావు కబురు విన్నది, సాయంత్రానికి తనకు తానే తెలుసుకుంది. ఆయన ఇచ్చింది సిద్ధాంతం కాదు, ఆమె దుఃఖానికి కావలసినంత సమయం. 15 ఏళ్ళవాడికి స్నేహితుడు దూరం కావడం చిన్న సంగతి కాదు. అనిత్యం అన్నది మన బాధను మనం చూసుకునేటప్పుడు వాడుకోవలసిన మాట. ఎదుటివాళ్ళ బాధ మీద దాన్ని మూతలా పెడితే కిందిది ఆరదు.

వాడికి క్షమాపణ చెప్పండి. "ఆ రోజు నేను అరిచింది నీ తప్పు వల్ల కాదు, ఆఫీసు కోపం నీ మీద చూపించాను" అని, అంతే. దానికి తోకగా "కానీ నువ్వు కూడా వస్తువులు జాగ్రత్తగా..." అని తగిలించవద్దు. ధ్యానం గురించి ఒక్క మాట కూడా వద్దు. వాడు "సరేలే" అని ఫోన్ చూసుకోవచ్చు. పరవాలేదు. ఆ స్నేహితుడి విషయం వెంటనే అడగాలా అంటే, రెండు దారులున్నాయి. అడిగితే వాడు ఇంకా బిగుసుకునే అవకాశం ఉంది. అడగకపోతే మీకు ఇప్పటికీ పట్టలేదనుకోవచ్చు. నేనైతే "ఆ రోజు నీ మాట సరిగా వినలేదు, ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు వింటాను" అని ఊరుకుంటాను. మీ పిల్లవాడు మీకు తెలుసు కాబట్టి నిర్ణయం మీది.

ఆఫీసు దగ్గరికి వద్దాం. మాట్లాడితే మమకారమా అని అడిగారు. అభయ రాజకుమారుడు ఒకసారి బుద్ధుణ్ణి ఇరుకున పెడదామని వచ్చి, ఎదుటివాళ్ళకు నచ్చని మాట మీరెప్పుడైనా మాట్లాడతారా అని అడిగాడు. మాట్లాడతానంటే మామూలు మనుషులకు, మీకూ తేడా ఏమిటి అనాలి. మాట్లాడనంటే, ఎదురుతిరిగిన శిష్యుడు దేవదత్తుణ్ణి నరకానికి పోతాడని ఎందుకు అన్నారని అడగాలి. అదీ ఎత్తు. ఆ సమయంలో అతని ఒళ్ళో పసిబిడ్డ ఉన్నాడు. బుద్ధుడు ఎదురు అడిగాడు: ఈ బిడ్డ పుల్లో రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావు? "తీసేస్తాను, రక్తం వచ్చినా సరే" అన్నాడు అభయుడు. ఎందుకు? బిడ్డ మీద జాలి కాబట్టి. అప్పుడు బుద్ధుడు తన లెక్క చెప్పాడు. అబద్ధం గానీ, మేలు చేయని నిజం గానీ ఆయన మాట్లాడడు. నిజమై, మేలు చేసేదై, వినేవాడికి నచ్చని మాటైతే తగిన సమయం చూసి మాట్లాడతాడు. నచ్చే మాటకైనా సరే, సమయం చూస్తాడు.

అంటే మౌనంగా ఉండటమే ధర్మం అని ఎక్కడా లేదు. మీ సహోద్యోగి చేస్తున్నది, గృహస్థులకు బుద్ధుడు చెప్పిన ఐదు నియమాల, అంటే పంచశీలాల భాషలో చెప్పాలంటే, ఇవ్వనిది తీసుకోవడమే. మీరు ఊరుకున్నకొద్దీ అతనికి అది అలవాటవుతోంది. అతని నోట్లో రాయి ఉండనివ్వడం కరుణ కాదు.

మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు. అతనితో ఒంటరిగా మాట్లాడవచ్చు. ఇది నాకు ముందుగా తోచేది, కానీ అతను బుకాయించవచ్చు, మర్నాటినుంచి మీ వెనక మాటలు పుట్టించవచ్చు కూడా. అందుకని మాట్లాడేముందే రిపోర్టులు మీరు ఎప్పుడు చేశారో తెలిపే మెయిళ్ళు, ఫైళ్ళు దగ్గర పెట్టుకోండి. అది కుట్ర కాదు, జాగ్రత్త. రెండో దారి పై అధికారికి చెప్పడం. ఫలితం త్వరగా రావచ్చు, ఆ మనిషితో సంబంధం మాత్రం చెడుతుంది, రోజూ అదే గదిలో కూర్చోవాలి. నాలుగుసార్లు జరిగాక ఈ దారి తొక్కినా మిమ్మల్ని తప్పుపట్టలేను. మూడోది ఏమీ అనకుండా, ఇకమీదట మీ పనిని మీరే నేరుగా పైకి పంపే పద్ధతి పెట్టుకోవడం. గొడవ ఉండదు. కానీ జరిగిపోయిన నాలుగూ మీ లోపల అలాగే ఉంటాయి. అవి మళ్ళీ ఏ ఛార్జర్ కోసం చూస్తుంటాయో చెప్పలేం.

ఇవేవీ కాక ఊరుకోవడం కూడా ఒక దారే. నిజంగా మీకు అక్కర్లేదనిపిస్తే ఊరుకోండి. అక్కర్లేదనిపించిందా, భయమేసిందా అన్నది తేల్చుకోవడం అంత కష్టమేమీ కాదు. ఆ మనిషి ఎదురుపడినప్పుడు మీ దవడ ఏం చేస్తోందో చూడండి చాలు.

ఏ దారి ఎంచుకున్నా, నోరు తెరిచేముందు బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన పద్ధతి పనికొస్తుంది. అద్దం ఎందుకు అని అడిగి, చూసుకోవడానికి అని అతను అంటే, పనినైనా మాటనైనా చేసేముందు, చేస్తుండగా, చేశాక అలాగే చూసుకోమన్నాడు: దీనివల్ల నాకు గానీ ఇతరులకు గానీ కీడు ఉందా? ఇందులో 'చేస్తుండగా' అన్నది మనం మర్చిపోతాం. అతనితో మాట్లాడుతుండగా గొంతు వణికి, మాట న్యాయంనుంచి పగ వైపు మళ్ళినట్టు అనిపిస్తే "మిగతాది రేపు మాట్లాడతాను" అని లేచి రావచ్చు. మధ్యలో ఆగడానికి బుద్ధుడే అనుమతి ఇచ్చాడు. 'చేశాక' తప్పనిపిస్తే ఏం చేయాలన్నదీ అక్కడే ఉంది. తెలిసినవాళ్ళ దగ్గర ఒప్పుకుని, ఇకముందు జాగ్రత్త పడటం. ఆ సాయంత్రం గురించి మీరు నాకు రాసింది అలాంటిదే. ఒప్పుకున్నాక కూడా నెల రోజులుగా మిమ్మల్ని మీరు పొడుచుకుంటున్నారు, అది అందులో లేదు.

సంసారంలో ఉంటూ కుదరదేమో అన్నారు. చిత్తుడనే గృహస్థుడు భిక్షువులకే ధర్మసూక్ష్మాలు విడమరిచి చెప్పినట్టు సుత్తాల్లో ఉంది. గృహస్థుల్లో ధర్మం చెప్పడంలో అతనే మొదటివాడని బుద్ధుడు అన్నాడు. బుద్ధుడి గృహస్థ భక్తుడు అనాథపిండికుడు మరణశయ్య మీద, బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్తుడి బోధ విని కన్నీళ్ళు పెట్టుకుని, ఇలాంటి మాటలు ఇన్నేళ్ళలో వినలేదే అన్నాడు. తెల్లబట్టలవాళ్ళకు, అంటే గృహస్థులకు ఇవి చెప్పరని జవాబు వస్తే, మాకూ చెప్పండి, కళ్ళలో దుమ్ము తక్కువున్నవాళ్ళు మాలోనూ ఉన్నారన్నాడు. ఆ మాట నాకు చాలా ధైర్యమిస్తుంది.

ఇక మూడు నెలల శిబిరం. వెళితే మంచి జరగవచ్చు. కానీ ఇప్పుడు, ఈ పరిస్థితిలో వెళితే ఆఫీసు సంగతి తేలకుండానే ఉంటుంది, పిల్లవాడికి తల్లి రెండోసారి తలుపేసుకున్నట్టవుతుంది. మీ ఆయన వద్దనడంలో మొండితనం ఎంతో, ఒంటరితనం ఎంతో నాకు తెలియదు. మీరు అడిగి చూశారా? రాహులుడికి ప్రవ్రజ్య, అంటే సన్యాస దీక్ష ఇచ్చినప్పుడు తాత శుద్ధోదనుడు కుమిలిపోయాడు. కొడుకు ఇల్లు వదిలి పోయినప్పుడు ఒక బాధ, మనవడూ అలా పోతే అంతకు మించిన బాధ, ఇది చర్మాన్ని, మాంసాన్ని కోసుకుంటూ ఎముక దాకా పోతుందన్నాడు. అది విని బుద్ధుడు తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలకు ప్రవ్రజ్య ఇవ్వకూడదని నియమం పెట్టాడు. ఇంట్లో మిగిలేవాళ్ళ బాధకు ఆయన దగ్గరా లెక్క ఉంది. మీది సన్యాసం కాదు, మూడు నెలలే, అనుమతి తీసుకోవాల్సిన వయసూ కాదు. అయినా మాట్లాడి, ఒప్పించి వెళ్ళడానికీ, తప్పించుకుని వెళ్ళడానికీ తేడా ఉంటుంది, ఆ తేడా మొదట తెలిసేది శిబిరంలో కూర్చున్న మీకే. ఒక ఏడాది వాయిదా వేసి, ఈలోగా మూడు నాలుగు రోజుల చిన్న శిబిరాలకు వెళ్ళడం ఒక మార్గం. అప్పటికీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి.

పొద్దున కూర్చోవడం మానవద్దు. గంటను నలభై నిమిషాలు చేసి, మిగిలిన ఇరవై నిమిషాలు సాయంత్రం ఇంటికి రాగానే ఇంట్లోవాళ్ళకు ఇవ్వండి. సలహాలు ఇవ్వకుండా, ఫోన్ పక్కన పెట్టి వినడం. అది ధ్యానం కంటే తేలికనుకుంటే పొరబడతారు. శ్వాస ఎదురు మాట్లాడదు, మనుషులు మాట్లాడతారు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఉత్తరంలో ఒకచోట "ఏదీ అనిపించడం లేదు, సంతోషం కూడా" అని రాసి, పైన గీత కొట్టేశారు. ఆ వాక్యం నాకు కనబడింది. ఆ మొద్దుబారడం వారాల తరబడి ఉంటే, నిద్ర మళ్ళీ చెదురుతుంటే, మానసిక వైద్యులను కలవండి. కొందరికి ఎక్కువసేపు చేసే ధ్యానం వల్ల కూడా ఇలాంటివి వస్తాయి కాబట్టి మీ సాధన గురించి వాళ్ళకూ, ఈ లక్షణాల గురించి మీకు నేర్పినవాళ్ళకూ చెప్పండి. దీర్ఘ శిబిరం మాట ఆ తర్వాతే.

రెండు నెలలు గడిచాక ఏమైనా మారిందా అని మిమ్మల్ని మీరు కాదు, మీ ఆయనను అడగండి. ఆయన చెప్పింది నచ్చకపోయినా సరే, వీలైతే దాన్ని ఉన్నదున్నట్టు నాకు రాయండి.